అద్దం లేని ఫ్రేము

ఎవరింటికి వెళ్లినా ఫ్రేములాయన ముందు మనుషుల్ని చూడరు, గోడల్ని చూస్తారు. గోడ మీద పటం ఏ కాస్త పక్కకి ఒరిగినా ఆయనకి కూర్చోబుద్ధి కాదు. పళ్ల డాక్టరు దగ్గర బుగ్గ వాచి మూలుగుతూ కూడా లేచి వెళ్లి క్యాలెండరు సరిచేసి వచ్చిన మనిషి. కూతురు పుట్టిన రోజున ఆసుపత్రిలో నర్సు బిడ్డను తెచ్చి చూపించబోతే, "ఒక్క క్షణం తల్లీ" అని, వార్డు గోడకి వంకరగా వేలాడుతున్న బోర్డును సరిగ్గా నిలబెట్టి, అప్పుడు చేతులు చాచారట. ఈ సంగతి ఆయన భార్య ఇంటికొచ్చినవాళ్లందరికీ చెబుతుంది. చెప్పినప్పుడల్లా ఆయన "బోర్డు నిజంగానే వంకరగా ఉందే" అంటారు. పశ్చాత్తాపం ఏ కోశానా కనిపించదు.

ఆయనది ఫోటోలకి, పటాలకి ఫ్రేములు కట్టే దుకాణం. కళ్లజోళ్ల షాపుకీ టీ కొట్టుకీ మధ్య ఇరుక్కుని ఉండేది. కాస్త ఒళ్లున్న మనిషైతే పక్కకి తిరిగి లోపలికి వెళ్లాలి. ఒక గోడ నిండా రకరకాల చెక్క బద్దలు, ఇంకో గోడకి ఆనించిన అద్దం పలకలు, మధ్యలో బల్ల, బల్ల వెనక ఆయన. పెళ్లి ఫోటోలు, డిగ్రీ సర్టిఫికెట్లు, పోయినవాళ్ల ఫోటోలు, ఎవరో ఇల్లాలు ఏడాదంతా కూర్చుని కుట్టిన పూలకుండీ, ఒకటేమిటి, ఆ చుట్టుపక్కల జనం గోడకి తగిలించదలచుకున్నవన్నీ ఆయన చేతి మీదుగా వెళ్లినవే. ఫ్రేము మూలలు కలిసేచోట గోరు కూడా దూరేది కాదు. కట్టి ఇచ్చేటప్పుడు మెత్తటి గుడ్డతో అద్దం తుడిచి, చేతులు చాచి పట్టుకుని, "ఫస్టు క్లాసు!" అనేవారు. సగంమంది ఆ మాట కోసమే వస్తారని పక్కనున్న టీ కొట్టతను ఏడిపించేవాడు.

ఆయనకి ఒక్క పట్టింపు ఉండేది. పూర్తికాని దానికి ఫ్రేము కట్టరు. నెమలిని కుట్టి, తోకలో ఒక్క ఈక వదిలేసి తెచ్చిన ఒకావిడని అదే సంచితో వెనక్కి పంపించేశారు.

"మేకు కొట్టాక మళ్లీ చెయ్యి పెట్టలేరమ్మా. అయ్యాకే తీసుకురండి."

ఆవిడ మూతి ముడుచుకుని వెళ్లి, ఈక కుట్టి, మూతి ముడుచుకునే వచ్చింది. "ఫస్టు క్లాసు" అన్న మాట చెవిన పడ్డాక గానీ మొహం విప్పారలేదు.

ఈ పట్టింపు దుకాణంలో బాగానే చెల్లింది. ఇంట్లోనే చిక్కొచ్చి పడింది. చిన్నప్పుడు కూతురు బడి నుంచి నేరుగా దుకాణానికి వచ్చి, బల్ల కింద దూరి, కోసి పారేసిన అట్టముక్కల మీద బొమ్మలు వేస్తూ ఉండేది. అన్నీ సగం సగమే. గుర్రానికి మూడు కాళ్లు రాగానే పడవ మొదలుపెట్టేది. పడవకి తెరచాప లేకుండానే నది దాటించేసి, అవతలి ఒడ్డున ఇల్లు కట్టుకునేది. "నాన్నా, దీనికి ఫ్రేము కట్టవా?" అని తెస్తే ఆయన కళ్లజోడు సవరించుకుని, ముద్దుగానే, "నాలుగో కాలు ఏదే బంగారం? పూర్తి చేసి పట్రా, కడతాను" అనేవారు. మాటవరసకి అన్నది కూడా కాదు. ఆ బొమ్మ వచ్చే రోజు కోసమని దుకాణంలోకెల్లా మంచి టేకు బద్దలు ఏరి, అంచున సన్నటి నగిషీ చెక్కి, ఒక ఫ్రేము ముందే కట్టి ఉంచారు.

నాలుగో కాలు రాలేదు. కొన్నాళ్లకి ఆ పిల్ల నాన్న అడుగుల చప్పుడు వినగానే ఎడమ చెయ్యి బొమ్మకి అడ్డం పెట్టేయడం మొదలుపెట్టింది. పెద్దదయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. ఏదైనా వేసుకుంటూ ఉన్నప్పుడు ఆయన గుమ్మంలో కనిపిస్తే చాలు, మోచెయ్యి దానంతటదే కాగితం మీదకి వచ్చేసేది. మాటలకి లోటు లేదు, నవ్వులకి లోటు లేదు, తండ్రీకూతుళ్లు కలిసి కూర్చుంటే తల్లికి మాట్లాడే వంతే రాదు. కానీ బొమ్మ మాత్రం చూపించేది కాదు. అందరి గోడలూ నింపిన మనిషి ఇంట్లో కూతురు వేసిన బొమ్మ ఒక్కటీ లేదు. టేకు ఫ్రేము పాత దుప్పటిలో చుట్టుకుని అలమర మీద పడి ఉంది. ఆయన పైకి అనరు గానీ, ఆ చెయ్యి ఎప్పుడు తీస్తుందా అని లోలోపల ప్రాణం కొట్టుకుపోతూనే ఉండేది.

ఆ అమ్మాయి డ్రాయింగు టీచరయింది. పిల్లల బొమ్మలకి మార్కులు వేయడం తన వల్ల కాదని కొన్నాళ్లకి మానేసి, మూతపడ్డ ప్రింటింగు ప్రెస్సు గదిని తీసుకుని బొమ్మల గది పెట్టింది. వారానికోసారి తలుపు తీస్తుంది. ఎవరైనా రావచ్చు. బ్రష్షు నోట్లో పెట్టుకోని వయసు వస్తే చాలు, పైన ఎంతైనా పర్లేదు. ప్రెస్సువాళ్లు వదిలేసి పోయిన పెద్ద కాగితం చుట్ట ఒకటి మూల పడి ఉంటే దాన్ని బల్లల మీద ఈ చివర నుంచి ఆ చివరకి పరిచింది. అందరూ దాని మీదే వేస్తారు. పోయిన వారం ఒకరు వేసినదాని మీద ఈ వారం ఇంకొకరు వేస్తారు. ఎవరిదని అడిగితే ఎవరిదీ కాదు.

"అయ్యాక దాన్నేం చేస్తారమ్మా?" అని ఫ్రేములాయన మొదట్లోనే అడిగారు.

"అవడం ఎందుకు నాన్నా?" అంది కూతురు.

ఆ పూట ఆయనకి అన్నం సయించలేదు.

తర్వాత ఆయన మోకాళ్లు మొరాయించాయి. అద్దం పలకలు ఎత్తడం కుదరక దుకాణం మూసేశారు. ఇక ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరగడం మొదలైంది. డబ్బాల మూతల మీది బొమ్మలన్నీ ఒకే వైపుకి తిప్పారు. తలుపు ముందు చెప్పులకి వరస నేర్పారు. భార్య ఓపిక పట్టి పట్టి, చివరికి కూర కలుపుతున్న గరిటె పైకెత్తింది.

"ఏమండీ, ఈ ఇంట్లో వంకరగా మిగిలింది ఇక నా నడుమొక్కటే. దాని జోలికి రాకముందే అమ్మాయి దగ్గరికి వెళ్లండి. అక్కడ బల్లలు కుంటుతున్నాయి."

"అది నన్ను రమ్మనలేదుగా?"

"అది పిలవదు, మీరు అడగరు. మధ్యలో బల్లలేం పాపం చేశాయి?"

ఆవిడ ఆ గదికి మొదటి నుంచీ వెళుతూనే ఉంది. అక్కడ ఆవిడ చేసే పని ఒకటే, రంగు కాగితాలు చింపడం. కత్తెర ముట్టుకోదు. చర్రుమని చింపి, ఆ చప్పుడుకి మురిసిపోయి, ముక్కలు అంటిస్తుంది. చింపేటప్పుడు ఆవిడ ఎవరిని తలుచుకుంటుందో ఫ్రేములాయన అడగలేదు. అడగకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఆయన సుత్తి, మేకులు సంచిలో వేసుకుని వెళ్లేసరికి గది నిండా జనం. మోకాళ్ల మీద బల్లెక్కి కూర్చుని, రెండు జడల చిన్నపిల్ల ఒకతి నల్లరంగుతో లాగించేస్తోంది. అందరూ ఆ పిల్లని బుడంకాయ అంటారు.

"ఇదేంటమ్మా?" అన్నారు ఆయన.

బుడంకాయ తలెత్తి జాలిగా చూసింది. "ఇక్కడ అలా అడగకూడదు తాతా."

"మరెలా అడగాలి?"

"ఏం చేస్తున్నావ్ అని అడగాలి."

"సరే, ఏం చేస్తున్నావ్?"

"రోడ్డేస్తున్నా."

"ఎక్కడికి?"

"వేస్తే కదా తెలిసేది!"

ఎదురుగా బస్సు డ్రైవరు ఉన్నాడు. డ్యూటీ దిగి యూనిఫారంతోనే వచ్చేస్తాడు. రెండు చేతుల్లో రెండు బ్రష్షులు పట్టుకుని, స్టీరింగు తిప్పినట్టే పెద్ద పెద్ద చుట్లు తిప్పుతూ నీలిరంగు వేస్తాడు. మధ్యమధ్యలో బుడంకాయ రోడ్డుకి వంకలు పెడుతుంటాడు.

"మలుపు ఇంత ఇరుగ్గా ఉంటే నా బస్సు తిరగదే."

"నీ బస్సుని రమ్మన్నదెవరు?"

ఆ గదిలో ఇంకో పద్ధతి ఉంది. ఎవరి బొమ్మ చూసీ బాగుందని గానీ, బాగాలేదని గానీ అనకూడదు. చూసింది చెప్పాలి అంతే. "నీలం మీద పసుపు రుద్దావు", "అక్కడ ఆగి మళ్లీ మొదలెట్టావు", ఇలా. ఫ్రేములాయనకి ఇది గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. జన్మంతా నాలుక చివర ఉన్న "ఫస్టు క్లాసు" పైకి రావడానికి లేదు. అందుకని అందరి దగ్గరా ఆగి "ఊ" అనేవారు. కూతురు పనిచేసే చోటికి వస్తే "ఊ" అనే అవకాశం కూడా లేదు. ఆయన నీడ పడగానే ఎడమ చెయ్యి వచ్చేసేది. "బల్ల కుదిరింది నాన్నా, థాంక్స్" అని నవ్వేది. మంచి నవ్వే. చెయ్యి మాత్రం తీసేది కాదు.

బల్లలు కుంటడం మానేశాయి. ఆయన రావడం మానలేదు. కిటికీ రెక్కలు, స్టూళ్లు అయ్యాయి. ఒకనాడు అలమర తలుపు మడతబందు బిగిస్తూ దాని వెనక కూర్చుని ఉన్నారు. అందరూ వెళ్లిపోయారు, ఆయన ఉన్న సంగతి కూతురికి గుర్తులేదు. కాగితం మధ్యలో తనకిష్టమైన చోట కూర్చుని, చల్లారిపోయిన టీలో బ్రష్షు ముంచి, డ్రైవరు వేసిన నీలిరంగు అంచున చిన్న చిన్న గీతలు పెట్టుకుంటూ పోతోంది. గాలికి ఒకే వైపు ఒరిగిన గడ్డిలా ఉన్నాయి ఆ గీతలు. వాటి మధ్యలోంచి బుడంకాయ రోడ్డు వచ్చి ఆగి ఉంది. పక్కన తన భార్య చింపి అంటించిన ఎర్ర ముక్క ఉంది. కూతురి ఎడమ చెయ్యి ఒళ్లో ఉంది. ఆయన ఊపిరి బిగబట్టి చూశారు. పిల్ల చిన్నప్పుడు తను పోగొట్టుకున్నది ఒక్కసారిగా దొరికినట్టనిపించి ఆయనకి ప్రాణం లేచొచ్చింది. స్క్రూ ఒకటి చేతిలోంచి జారి ఎక్కడికో దొర్లిపోయింది. అది ఇప్పటికీ దొరకలేదు.

ఆ తర్వాత ఆయన చేసిన పని ఫ్రేములు కట్టేవాడు తప్ప భూమ్మీద ఇంకెవరూ చేయరు. తలుపు గడియ సరిచేస్తానని కూతురి దగ్గర తాళంచెవి పుచ్చుకున్నారు. మర్నాడు పొద్దున్నే వెళ్లి, కాగితం మీద స్టీలు స్కేలు పెట్టి, పదునైన కత్తితో ఆ చోటుని నలుచదరంగా కోసేశారు. ఇంటికి తెచ్చి, అలమర మీంచి దుప్పటి దింపి, టేకు ఫ్రేము తుడిచి, కోసిన ముక్కని అందులో అమర్చి, కొత్త అద్దం వేసి, వెనక అట్ట పెట్టి మేకులు కొట్టారు. కొడుతూ ఈలపాట పాడారు. భార్య వంటింట్లోంచి తొంగి చూసి, ఆయన ఈల విని ఎన్నేళ్లయిందో అనుకుని, మురిసిపోయి, ఏం కడుతున్నారని అడగడమే మర్చిపోయింది. అడిగి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

బొమ్మల గది తెరిచే రోజు అందరికంటే ముందే వెళ్లి ఫ్రేముని ఎదురు గోడకి తగిలించారు. పైన దుప్పటి కప్పారు. ఉతికిన చొక్కా వేసుకుని పక్కన నిలబడ్డారు. అందరూ లోపలికి రాగానే ఇక ఆగలేకపోయారు. దుప్పటి లాగేసి, పద్ధతి గిద్ధతి మర్చిపోయి, గట్టిగా అనేశారు.

"ఫస్టు క్లాసు!"

బస్సు డ్రైవరు బల్ల దగ్గరికి వెళ్లి కాగితం తడిమి చూశాడు.

"మాస్టారూ, ఇక్కడ కన్నం పడింది."

కన్నం కూడా చక్కటి కన్నం. మూలలు నాలుగూ పొల్లుపోలేదు. బుడంకాయ బల్లెక్కి, తన రోడ్డు వెంబడి వేలు పోనిచ్చి, అంచు దగ్గర ఆగిపోయింది. "నా రోడ్డేదీ?" అని చుట్టూ చూసింది. గోడ మీద కనిపించింది. ఏడుస్తుందేమోనని అందరూ అనుకున్నారు గానీ ఆ పిల్లకి అంత తీరిక లేదు. స్టూలు ఈడ్చుకెళ్లి, ఎక్కి, బ్రష్షు నిండా నల్లరంగు ముంచుకుని, ఆగినచోటి నుంచి రోడ్డు మొదలుపెట్టింది. రంగు అద్దం మీద నిలవలేదు. చుక్కలు చుక్కలుగా కారి టేకు నగిషీ మీదకి దిగింది. మళ్లీ వేసింది. మళ్లీ కారింది.

"తాతా, ఇది అంటుకోవట్లేదు. లోపలికి ఎలా వెళ్లాలి?"

మేకు కొట్టాక మళ్లీ చెయ్యి పెట్టలేరమ్మా. ఆ మాట ఆయన నాలుక చివరి దాకా వచ్చింది. దుకాణంలో అన్నన్నిసార్లు అన్న మాటే. ఈసారి పైకి అనకుండానే తనకే వినబడింది, విని తల కొట్టేసినట్టయింది. కూతురి వైపు చూశారు. ఆ అమ్మాయి బల్ల దగ్గర కూర్చుని ఉంది. ముందు కన్నం తప్ప ఏమీ లేదు. అయినా ఎడమ చెయ్యి ఆ కన్నం మీద అడ్డంగా ఉంది.

"బాగుందనిపించిందమ్మా," అన్నారు ఆయన. "నీకు చెప్పాలనుకున్నాను. ఎలా చెప్పాలో తెలియలేదు."

"బాగుంటే కోసేస్తావా నాన్నా?"

కోపంగా అనలేదు. కోపంగా అన్నా ఆయనకి ఇంత కష్టంగా ఉండేది కాదు.

ఫ్రేములాయన నీళ్లు నమల్లేదు, సాకులు చెప్పలేదు. గోడ మీంచి ఫ్రేము దింపి, బల్ల మీద బోర్లించి, సంచిలోంచి పటకారు తీశారు. కొట్టిన మేకులు తన చేత్తో పీకడం ఆయనకి అలవాటు లేని పని. ఒక్కొక్కటీ కిర్రుమంటూ వచ్చింది. అట్ట తీశారు, కాగితం తీశారు, అద్దం జాగ్రత్తగా గోడకి ఆనించారు. కాగితం ముక్క బుడంకాయ చేతిలో పెట్టారు.

"ఇదిగో తల్లీ, ఇప్పుడు వెళ్లచ్చు లోపలికి."

కన్నం కింద అట్ట పరిచి, జిగురు రాసి, ముక్కని మళ్లీ దాని చోట పెట్టడానికి వంగారు. అతుకు కనిపించకుండా పెట్టడం ఆయనకి కళ్లు మూసుకుని చేసే పని. అయితే ఆయన ఒక మూల సరిచూసేలోపే బుడంకాయ రెండు చేతులతో అంటించేసి, ఎక్కడ ఊడుతుందోనని పైన కూర్చుంది కూడా. ముక్క పక్కకి ఒరిగింది. రోడ్డు ఈ చివరకీ ఆ చివరకీ మధ్య బెత్తెడు తేడా వచ్చింది. జిగురు ఇంకా తడిగానే ఉంది. ఆయన వేళ్లు దాని వైపు కదలడం అందరూ చూశారు. భార్యయితే చింపుతున్న కాగితం సగంలో ఆపేసింది.

"వంతెన కావాలి," అంది బుడంకాయ, ఆ ఖాళీ వైపు చూసి ఉత్సాహంగా.

"నా బస్సు బరువు ఆగాలి మరి," అన్నాడు డ్రైవరు.

"అబ్బా, నీ బస్సు గోల! సరే, పెద్దదే కడతా."

ఫ్రేములాయన చేతులు వెనక్కి తీసుకున్నారు. తీసుకుని, జిగురు చొక్కాకే తుడిచేసుకున్నారు.

మిగిలింది టేకు ఫ్రేము. అద్దం లేదు, అట్ట లేదు, ఉత్త నాలుగు బద్దలు. వంతెన కట్టి వచ్చిన బుడంకాయ అందులోంచి తల దూర్చి వెక్కిరించింది. ఆయన ఫక్కున నవ్వి, ఫ్రేముని పైకెత్తి, ఆ వెక్కిరింత మొహం చుట్టూ పట్టుకున్నారు. డ్రైవరు "మాస్టారూ, నాకూ" అన్నాడు. ఆయన వెళ్లి, తిరుగుతున్న అతని రెండు చేతుల మీదా ఫ్రేము పట్టారు. చేతులు ఫ్రేములోకి వచ్చి వెళ్లి వచ్చి వెళ్లాయి. కింద నీలిరంగు ఒక చుట్టు మీద ఇంకో చుట్టుగా పెరిగింది. చూస్తూ ఉంటే ఆయనకి "ఫస్టు క్లాసు" అన్న మాట గుర్తే రాలేదు. భార్య దగ్గరికి వచ్చి, చర్రుమంటున్న ఆవిడ వేళ్ల చుట్టూ పట్టుకుని, "చింపుతున్నావు" అన్నారు.

"ఇన్నాళ్లకి చూశారు!" అంది ఆవిడ. మురిపెం దాచుకోవడానికి ఇంకాస్త గట్టిగా చింపింది.

గదంతా తిరిగి, చివరికి ఆయన కూతురి దగ్గర ఆగారు. ఆ అమ్మాయి వంకరగా అతుక్కున్న ముక్క ముందు కూర్చుని, టీలో బ్రష్షు ముంచి, అతుకు మీదుగా ఆ గడ్డిని ఇవతలికి పాకిస్తోంది. ఆయన నీడ కాగితం మీద పడింది. ఎడమ చెయ్యి లేచింది. ఆయన ఫ్రేము పట్టుకుని నిలబడ్డారు. ఆ చెయ్యి సగం దాకా వచ్చి, గాలిలో కాసేపు తటపటాయించి, పక్కనున్న టీ కప్పు మీదకి వెళ్లి ఆగింది.

"ఇంకా అవలేదు నాన్నా," అంది తల ఎత్తకుండా.

"తెలుసమ్మా. నువ్వు వేస్తూ ఉండు, నేను పట్టుకుంటాను."

ఆ అమ్మాయి వేసింది. ఒక గీత, పక్కన ఇంకో గీత, ఒకచోట రంగు ఎక్కువై పాకితే అటే పోనిచ్చింది. ఆయనకి కళ్లు చెమర్చాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. టేకు చెక్క బరువు. కాసేపటికి భుజాలు పీకడం మొదలుపెట్టాయి, ఫ్రేము మెల్లగా ఒక పక్కకి దిగింది.

"ఏమండీ, ఫ్రేము ఎడమవైపుకి ఒరిగిపోయింది," అంది భార్య అక్కడి నుంచే.

"ఒరగనీవే," అన్నారు ఫ్రేములాయన, కూతురి చేతి మీంచి చూపు తిప్పకుండా.